ఆటస్థలపు గట్టున తలిదండ్రులు

ఆగస్టు 15వ తేదీన గాని జనవరి 26వ తేదీన గాని జగ్గయ్యపేట, నందిగామ పట్టణములలోని ఉన్నత పాఠశాలల ఎదుట నిలిచి చూచినయెడల, తెల్లని దుస్తులు ధరించిన బాలబాలికలు డ్రమ్ము దెబ్బకు అడుగు కలుపుచు నడచుట కనబడును. ఆ వరుసలలో చుట్టుపట్ల పల్లెల బిడ్డలు అనేకులుందురు. వారి తలిదండ్రులలో అక్కడ నిలిచి చూచువారెందరు? ఆగస్టులో పత్తిచేలలో కలుపు, జనవరిలో మిరప కోత. ఒక్క పూట మానినయెడల ఆ పూట కూలి పోవును. అందుచేత రాలేనివారిని నిందింపరాదు. అయితే పని అడ్డము లేకున్నను, "ఆటలు అన్నము పెట్టునా? డ్రమ్ము కొట్టిన మార్కులు వచ్చునా?" అని ఇంటనే ఉండిపోవువారును కలరు. ఈ ప్రశ్న తేలికైనది కాదు. బిడ్డను చేని పనినుండి తప్పించి, ఆశతో బడికి పంపిన తండ్రి అడుగు ప్రశ్న అది. దీనికి చరిత్ర ఏమి జవాబు చెప్పుచున్నదో చూతము.

మొదట వేదమును చూడుడి. అరణ్యములో ఇశ్రాయేలీయులను సమకూర్చుటకును, పాళెములు తర్లించుటకును రెండు వెండి బూరలు చేయించుమని మోషేకు ఆజ్ఞ కలిగెనని సంఖ్యాకాండము పదియవ అధ్యాయము తెలుపుచున్నది. అంత జనసమూహము వరుస తప్పక కదలుటకు ఆ బూరల ధ్వనియే గురుతు. మరియు కొరింథు పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెడివి. పౌలు ఆ సంఘమునకు వ్రాయునప్పుడు, ఆకుల కిరీటము కొరకు పరుగెత్తువాని పట్టుదలను ఉదాహరణముగా తీసికొనెను. ఆటను అతడు తృణీకరింపలేదు. ఆటలోని క్రమశిక్షణను గౌరవించెను.

ఇక మన పాఠశాలల సంగతి. 1844లో లండనులో ఆరంభమైన యువజన క్రైస్తవ సమాజమును మనము వై.ఎం.సి.ఏ. అని పిలుచుచున్నాము. ఆ సమాజమువారి శిక్షణాలయములో 1891లో జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాలు ఆటను కనిపెట్టెను. 1895లో అదే సమాజపు మరియొక ఉద్యోగియైన విలియం మోర్గన్ వాలీబాలు ఆటను కల్పించెను. ఎందుకనగా, పగలెల్ల పనిచేసి అలసిన నడివయసు పురుషులకు బాస్కెట్‌బాలు మిక్కిలి కష్టముగా ఉండెను. కాబట్టి నేడు మన పల్లె కుర్రవాండ్రు సాయంకాలమున ఆడు వాలీబాలు మొదట తండ్రుల కొరకు పుట్టిన ఆటయే! హ్యారీ క్రో బక్ దొరగారు 1920లో మద్రాసులో వ్యాయామ శిక్షణ కళాశాలను స్థాపించిరి. 1924లో పారిస్ ఒలింపిక్ పందెములకు వెళ్లిన మన దేశపు జట్టును నడిపించినవారు ఆయనయే. ఆ కళాశాలలో శిక్షణ పొందినవారు వ్యాయామోపాధ్యాయులై అనేక పాఠశాలలకు ఆటలను తీసికొనిపోయిరి. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్య గారును అంతకు ముందు అనేక సంవత్సరములు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేసినవారే. రెండు కర్రలు, ఒక వల, ఒక బంతి ఉన్న చాలును గనుక, వాలీబాలు బీదపల్లెలకు సహితము అందినది.

బ్యాండు చరిత్ర ఇంకను వింతయైనది. 1878లో ఇంగ్లండు దేశమున సాల్స్‌బరీ పట్టణములో రక్షణ సైన్యమువారు వీధులలో బోధించుచుండగా అల్లరిమూకలు వారిని కొట్టుచుండిరి. చార్లెస్ ఫ్రై అను గృహనిర్మాణ వ్యాపారి తన ముగ్గురు కుమారులతో వారికి కావలిగా నిలిచెను. ఆ నలుగురును తమ ఇత్తడి వాద్యములను వెంట తెచ్చి పాటలకు తోడుగా ఊదిరి. తరువాత ఆ కుటుంబము తమ వ్యాపారమును విడిచి ఈ పనికే అంకితమాయెను. లోకమంతట వ్యాపించిన రక్షణ సైన్యపు బ్యాండ్లకు మూలము ఒక తండ్రియు అతని ముగ్గురు పిల్లలునే.

అదే 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, కృష్ణకు ఆవల గుండ్లకమ్మ ఏటిలో, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒంగోలులో క్లౌ దొరగారి కాలపు మాదిగ విశ్వాసులు అంతకు ముందునుండియే గ్రామ దేవతల జాతరలలో డప్పు కొట్టమని నిరాకరించుచుండిరి. అందుకు గ్రామ పెద్దలు వారిని పనులకు పిలువక, బావుల యొద్దకు రానీయక బాధించిరి. మన తాతలు అంత వెలయిచ్చి దించిన డప్పును తలచుకొని, "మరల మా బిడ్డ మెడలో డ్రమ్మా?" అని కొందరు తలిదండ్రులు సంకోచించిన ఆశ్చర్యము లేదు. అయితే వ్యత్యాసమును గమనింపుడి. ఆనాటి డప్పు వెట్టి. ఒక కులముపై మోపబడిన భారము. తాతలు విడిచినది ఆ దాస్యమునే గాని తాళమును కాదు. నేటి పాఠశాల బ్యాండులో అన్ని కులముల పిల్లలు ఒకే వరుసలో నిలుతురు. డ్రమ్ము పట్టిన బిడ్డ అడుగును అనుసరించి అందరును అడుగు వేయుదురు. ఇందులో అవమానమేమున్నది?

మన కాలపు తలిదండ్రులను కూడ చూడుడి. శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ పందెములలో 240 కిలోల బరువెత్తి కాంస్య పతకము పొందెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. ఆడపిల్లకు బరువులెందుకని లోకము అడుగుచున్నప్పుడు తల్లి శ్యామల ఆమెను ప్రోత్సహించెను. పి.వి. రమణ 1986లో సియోల్‌లో కాంస్యము గెలిచిన భారత వాలీబాలు జట్టులో ఆడెను. అతని భార్య విజయయు వాలీబాలు క్రీడాకారిణియే. అయినను వారు తమ ఆటను కూతురిపై రుద్దలేదు. సింధు బ్యాడ్మింటన్ కోరుకొనగా, తండ్రి తెల్లవారకముందే లేచి ఆమెను శిక్షణకు తీసికొనిపోవుచుండెను. ఆమె 2016లో రజతమును, 2021లో కాంస్యమును తెచ్చెను. మన పొరుగుననే విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ, 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడలలో విలువిద్యయందు మూడు స్వర్ణములు గెలిచెను. ఆమె తండ్రి ఒకప్పుడు కబడ్డీ ఆడినవాడు.

అయితే ఒక హెచ్చరిక. పతకము వేలలో ఒకరికే వచ్చును. మన బిడ్డలలో అనేకులు మండల పోటీలలోనే ఓడి ఇంటికి వత్తురు. ఓడి వచ్చిన సాయంకాలము తండ్రి ఏమి మాటలాడునో బిడ్డ జీవితాంతము మరువడు. తాను నెరవేర్చుకొనలేని ఆశను బిడ్డ భుజముపై కాడిగా మోపువాడును, గట్టుమీద నిలిచి ఎదుటి జట్టు పిల్లలను తిట్టువాడును, అసలు రానివానికంటె ఎక్కువ కీడు చేయుదురు. కుమారుని ఆటకు పంపి, కుమార్తెను ఈడు వచ్చినదని మాన్పించుటయు న్యాయము కాదు.

ఆటలు అన్నము పెట్టునా అను ప్రశ్నకు చరిత్ర ఇచ్చు జవాబు ఇది: కొందరికి పెట్టును, అనేకులకు పెట్టదు, గాని వరుసలో నిలుచుట, ఓటమిని ఓర్చుకొనుట, తోటివానికి బంతి అందించుట అందరికిని నేర్పును. దీనికి తలిదండ్రులు చేయవలసినది గొప్ప ఖర్చు కాదు. పిల్లవాని కాలికి సరిపడు బూట్లు, ఉదయమున ఇంత చద్దన్నము, ఏడాదికి ఒక పూట హాజరు. గుడి ఆవరణములో చోటున్న సంఘము రెండు కర్రలు పాతి ఒక వల కట్టవచ్చును. కూలి మానలేని తల్లులు పల్లెలో చాలమంది ఉన్నారు. కాబట్టి పోటీ జరుగు దినమున పని ఒత్తిడి లేని ఒక పెద్దను సంఘమువారే పంపుదురు గాక. ఆయన నందిగామలోనో జగ్గయ్యపేటలోనో గట్టున నిలిచి, మన పల్లె పిల్లలందరిని పేరు పెట్టి పిలిచి, సాయంకాలము వారి తల్లులకు ఆట సంగతులు చెప్పవచ్చును.