కోనసముద్రం ఉక్కు

ఉత్తర తెలంగాణలో వాగు ఇసుకతో మొదలైన ఉక్కు తయారీ ఏ ఒక్క ఊళ్లోనూ పూర్తయ్యేది కాదు. ఖనిజం ఒకచోట ఇనుమై, ఆ ఇనుము మరోచోట ఉక్కై, ఆ ఉక్కు పర్షియా చేరి అక్కడ కత్తిగా మారేది. కోరుట్ల, మెట్‌పల్లి దాటి పడమరగా వెళ్తే వచ్చే కోనసముద్రం ఈ పనిలో నడిమి దశకు కేంద్రం.

లాంబ్టన్ నడిపిన భూసర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయ్సీ ఇక్కడి పద్ధతిని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. రెండు ఊళ్ల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్లుగా తూచి, కొద్దిగా గాజు చిట్టెం చేర్చి, మూసల్లో పెట్టేవారు. మూస అంటే లోహం కరిగించే మట్టిపాత్ర; నిప్పుకు తట్టుకునే మట్టిలో పాత కొలిమి పెంకుల పొడి, వడ్ల ఊక, నూనె కలిపి దాన్ని చేసేవారు. మైసూరు, సేలం వైపు కర్బనం కోసం మూసలోనే కట్టెముక్కలు, ఆకులు వేస్తే, ఇక్కడ బొగ్గు సైతం వేయలేదు కాబట్టి, కావలసిన కర్బనం ఆ రెండు ఇనుముల్లో ఒకదానిలోనే ఉండి ఉండాలి. అంటే నేర్పంతా తూకంలోనే ఉంది. శుద్ధ ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు, కర్బనం చేరేకొద్దీ ఆ వేడి తగ్గుతుంది. అందువల్లే గేదె తోలు తిత్తులు వంతులవారీగా ఊదే మనుషులతో ఇరవై నాలుగు గంటల్లో పని జరిగేది. మూసల్లో తయారైన ఉక్కు ముద్దలు చల్లారాక వాటికి బంకమట్టి పూసి, పన్నెండు నుంచి పదహారు గంటలు మళ్లీ కాల్చి, సుత్తెకు లొంగేదాకా ఆ పనినే తిరిగి చేసేవారు.

అక్కడ వాయ్సీకి హాజీ హుసేన్ అనే ఇస్ఫహాన్ వర్తకుడు ఎదురయ్యాడు. అతడు సరుకు కొనడంతో ఆగక, పాళ్లు తూయించి, ఉక్కును పరీక్షించేవాడు. స్వదేశంలో దీన్ని అనుకరించబోయి విఫలమయ్యారని చెప్పాడు. గోల్కొండ ఉక్కుకే నీటి అలల వంటి డమాస్కస్ చారలు తేలతాయని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు.  అలా పర్షియాకు పోయిన ఉక్కుకు మెరుగుపెట్టే పని, దానితో వచ్చే లాభం రెండూ కొన్నవాడి వైపే ఉన్నాయి.

1819 నుంచి శాస్త్రవేత్త ఫారడే లండన్‌లో ఇలాంటి భారతీయ ఉక్కును పరీక్షిస్తూ ఉండగా, ఇక్కడి కొలుముల పని అప్పటికింకా సాగుతోంది. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి ఉక్కును టన్నుల లెక్కన చవకగా పోయడం మొదలయ్యాక, మూసకొక ముద్ద చొప్పున సాగే ఈ వృత్తికి మార్కెట్ మిగలలేదు.