ఏటి పేరు పెట్టిన జ్వరము

ఆఫ్రికా ఖండము నడుమ, కాంగో మహానది పారు అడవుల సీమలో, యాంబుకు అను చిన్న గ్రామము కలదు. 1976వ సంవత్సరమున ఆ దేశమును జైరు అనుచుండిరి. ఇప్పుడు దాని పేరు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రము. బెల్జియము నుండి వచ్చిన క్రైస్తవ సన్యాసినులు ఆ గ్రామమున 120 మంచముల ఆసుపత్రి నొకదానిని నడపుచుండిరి. చుట్టుప్రక్కల వేరొక దిక్కు లేకుండుటచే రోగులు నెలకు వేలకొలదిగ అచ్చటికి వచ్చుచుండిరి. ప్రతి ఉదయమున నర్సులకు ఐదు సూదులు, ఐదు పిచికారులు మాత్రమే యిచ్చెడివారు. ఒక రోగికి పొడిచిన సూదిని గోరువెచ్చని నీట జాడించి మరియొక రోగికి పొడుచుచుండిరి. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఒక్కొక్కప్పుడు వానిని మరగబెట్టుటయు కలదు.

ఆ యేటి ఆగస్టు కడపట ఒక బడిపంతులు జ్వరముతో అచ్చటికి వచ్చెను. చలిజ్వరమని తలచి క్లోరోక్విను సూదిమందు నిచ్చిరి. జ్వరము తగ్గెను. ఐదు దినములకు, సెప్టెంబరు 1వ తేదీన, మరల తగిలెను. ఆ మరుసటి వారమున అతడు చనిపోయెను. అంతలో అదే ఆసుపత్రిలో సూదిమందు పొందిన మరికొందరు మంచము పట్టిరి. తీవ్రమైన జ్వరము, తలనొప్పి, ఒడలి నొప్పులు. పిమ్మట వాంతులు, విరేచనములు. కొందరికి రక్తము కారుట. మొత్తము 318 మందికి జాడ్యము తగులగా 280 మంది మరణించిరి. అందరికంటె ఎక్కువగ తగిలినది 15 మొదలు 29 ఏండ్ల లోపు స్త్రీలకు. గర్భిణులు ఆ ఆసుపత్రికి పోయి సూదిమందులు తీసికొనుచుండుటయే దీనికి ముఖ్యకారణము. ఆసుపత్రి సిబ్బంది 17 మందిలో 11 మంది దానికే బలియైరి. అట్టి వారిని నిందించుటకు నాకు నోరు రాదు. ఆ మరణములే ఆసుపత్రి తలుపులు మూయించినవి. తలుపులు మూయగనే వ్యాధికి గల పెద్దదారి మూసికొనిపోయినది.

కాంగో వైద్యుడు మ్వియెంబే అచ్చటికి పోయి రోగుల నుండి నెత్తురు తీసెను. ఆ కాలమున అచ్చట చేతి తొడుగులు సయితము లేవు. పిమ్మట ఒక సన్యాసిని నెత్తురు, సీసాలలో నింపి, థర్మాసు కూజాలో పెట్టి బెల్జియమునకు పంపబడెను. పరీక్షించిన శాస్త్రజ్ఞులకు అందు మునుపెన్నడు చూడని వైరసు కాననయ్యెను. దానికి యాంబుకు పేరు పెట్టిన ఆ ఊరివారికి తరతరముల మచ్చ మిగులునని తలచి, ఆ సీమలోని ఎబోలా అను ఏటి పేరు పెట్టిరి. ఊరి పరువు కాచిన ఈ చిన్న పని నాకు ఎంతయు నచ్చినది.

ఈ వైరసు గాలిలో ఎగురదు. రోగి నెత్తురు, వాంతి, మలము, చెమట మొదలగునవి పుండును గాని నోటిని గాని కంటిని గాని తాకినపుడు అంటుకొనును. తాకిన 2 మొదలు 21 దినములలోపల జ్వరము బయటపడును. రోగము బయటపడనంత వరకు ఆ మనిషి వలన ఇతరులకు అంటదు. ముదిరిన కొలది అపాయము హెచ్చును. ప్రాణము పోయిన దేహము మరియు అపాయకరము. కావున ఈ వ్యాధికి మొదట చిక్కువారు తలకడ కూర్చుండి నీరు త్రాగించిన భార్యయు, బట్టలుతికిన తల్లియు, శవమునకు స్నానము చేయించిన బంధువులును.

యాంబుకు చుట్టుపట్ల పరిశోధకులు 550 గ్రామములు ఇల్లిల్లు వెదకగా 55 గ్రామములందే వ్యాధి కనబడినది. వారు పోవునప్పటికే పెక్కుచోట్ల ఊరి పెద్దలు దారులకు అడ్డుకట్టలు వేయించి, రాకపోకలు నిలిపియుండిరి. మశూచి వచ్చినపుడు వారి పెద్దలు చేసిన పనియే అది. ఏ ప్రభుత్వోద్యోగియు చెప్పి చేయించినది కాదు.

ఇంతకంటె ముచ్చటైనది యుగాండా ఉత్తర భాగమున నున్న అచోలీ జాతివారి కథ. 2000వ సంవత్సరమున గులూ ప్రాంతమునకు ఎబోలా వచ్చినపుడు, పెద్దలు దానిని తమ భాషలో 'గెమో' యని గుర్తించిరి. గెమో యనగా ఆకస్మికముగ వచ్చి పలువురిని పొట్టబెట్టుకొను తెగులు. దానికి వారికి తాతల నాటి కట్టడి కలదు. రోగి యింటి ముందు పొడవైన రెల్లుగడలు రెండు పాతుదురు. అవి చూచినవాడు ఆ గడప త్రొక్కరాదు. ఆ జాడ్యము తగిలి బ్రతికినవారే రోగికి సేవచేయవలెను. నాట్యములు, విందులు కట్టిపెట్టవలెను. చనిపోయినవారిని ఇంటి వాకిట గాక ఊరి వెలుపల పాతిపెట్టవలెను. కోలుకొన్నవాడు సయితము ఒక చాంద్రమాసము ఊరిలో తిరుగరాదు. నేటి వైద్యులు చెప్పు మాటలకును ఈ మాటలకును భేదము మిక్కిలి కొంచెము.

ఇది చదివినపుడు నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. అమ్మవారు పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టుదురనియు, అవి చూచి పొరుగువారు లోపలికి రారనియు ఆమె చెప్పెడిది. చదువుకొను దినములలో నేను దానిని మూఢాచారమని నవ్వితిని. వేపాకు మశూచిని చంపదు, నిజమే. కాని గుమ్మమున అది చెప్పిన మాటను ఊరివారందరు వినిరి.

పెద్దలమాట లేనిచోట ఏమగునో పడమటి ఆఫ్రికాలో చూడవచ్చును. 2013 డిసెంబరులో గినీ దేశపు మేలియాండూ అను పల్లెలో ఒక పసిబిడ్డ మరణముతో మొదలిడి, 2016 వరకు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశములను ఆ జ్వరము కాల్చినది. 28,600 మందికి పైగా తగిలి, 11,300 మందికి పైగా చనిపోయిరి. తెల్లని ముసుగులు తొడిగిన మనుష్యులు బండిలో వచ్చి శవమును సంచిలో కట్టి తీసికొనిపోవుదురు; కన్నవారికి సమాధి ఎచటనో తెలియదు. జనులు భయపడి రోగులను దాచిరి, శవములను రాత్రివేళ పాతిరి. 2014 సెప్టెంబరులో గినీలోని వోమే అను ఊరికి వ్యాధిని గూర్చి చెప్పుటకు పోయిన బృందములోని ఎనిమిదిమందిని గ్రామస్థులు చంపిరి. హత్యను సమర్థింపరాదు. కాని ఆ భయమునకు వేరు ఎచట నున్నదో తెలియక యుండుటయు తగదు.

ఆ యేటి కడపట విధానము మారినది. ముస్లిము, క్రైస్తవ మతపెద్దలతో ఆలోచించి క్రొత్త నియమములు చేసిరి. శవమును తాకకున్నను ప్రార్థన చేయవచ్చును. కుటుంబమువారు దూరమున నిలిచి చూడవచ్చును. గోతిలో మొదటి పిడికెడు మన్ను వారే వేయవచ్చును. ఆ పిమ్మట తలుపులు తెరచుకొన్నవి.

2015లో గినీలోనే టీకా ఫలించినది. రోగిని కలిసినవారికిని, వారిని కలిసినవారికిని చుట్టు గీచినట్లు టీకాలు వేయుదురు. మశూచిని లోకము నుండి తరిమినప్పటి పద్ధతియే. 1995లో కాంగోలోని కిక్విట్ అను పట్టణమున ఎబోలా వచ్చి బ్రతికిన యొకరి నెత్తురు ఆధారముగ మ్వియెంబే మొదలగువారు ఒక మందును సిద్ధపరచిరి. అది రోగుల ప్రాణములు కాపాడునని 2019లో తేలినది.

2018 మొదలు 2020 వరకు కాంగో తూర్పుసీమలో మరల ఎబోలా చెలరేగినపుడు 3,400 మందికి పైగా జబ్బుపడిరి. తల్లులు వైద్యశాలలో నుండగా, వారి పసిబిడ్డలను చూచుటకు అచ్చట ఒక శిశుగృహము నేర్పరచిరి. ఆ బిడ్డలను ఒడిలోనికి తీసికొని పాలుపట్టి నిద్రపుచ్చినవారు ఆ జ్వరము తగిలి బ్రతికి బయటపడిన స్త్రీలే.