నల్లి వంశచరిత్ర

రాజవంశాల చరిత్రకు లోటులేదు కనుక, నేను నల్లి వంశాన్ని ఎత్తుకుంటున్నాను. చదువరులు మన్నింతురు గాక!

1758లో లినేయస్ దీనికి 'సైమెక్స్ లెక్టులేరియస్' అని, అంటే పడకనల్లి అని, నామకరణం చేశాడు. అప్పట్లో సైమెక్స్ ప్రజాతి ఒక ధర్మసత్రం. చెట్లరసం పీల్చే పురుగులూ అందులోనే ఉండేవి. తరువాతివారు వాటిని వేరుచేయగా నెత్తురు తాగేవే మిగిలాయి. వాటిలోనూ అధికభాగం గబ్బిలాలను ఆశ్రయించినవే. కాబట్టి పడక వీటి పుట్టిల్లు కాదని నా అభిప్రాయం.

మనిషిని పట్టినవి ముఖ్యంగా రెండు జాతులు. లెక్టులేరియస్ సమశీతోష్ణ దేశాలది. 1803లో ఫాబ్రీషియస్ వర్ణించిన హెమిప్టెరస్ ఉష్ణదేశాలది. మన నులకమంచాల సందుల్లో కాపురమున్నది ప్రధానంగా ఈ రెండవదే. తల వెనుకనున్న పలక వెడల్పును బట్టి వీటిని గుర్తుపడతారు.

మానవ పూర్వికులు శాఖలుగా చీలినప్పుడే నల్లులూ చీలాయని ఒక ఊహ ఉండేది. వినసొంపైన ఊహే! కానీ 2019లో వెలువడిన జన్యుపరిశోధన ప్రకారం ఆ చీలిక సుమారు 4.7 కోట్ల ఏళ్ళనాటిది. అప్పటికి మనిషే లేడు. నల్లుల కుటుంబమైతే 11.5 కోట్ల ఏళ్ళనాటిదట, గబ్బిలాలకన్నా పాతది. తొలి ఆతిథేయి ఎవరో ఇంకా తేలలేదు.

ఎల్లలు కూడా నిలకడగా లేవు. ప్రయాణికుల సామానుతోపాటు హెమిప్టెరస్ ఈ శతాబ్దంలో రష్యాదాకా చేరింది. చలిదేశమైనా, ఇంటిలోపల వెచ్చదనానికి కొదవలేదు కదా!