పదో తరగతి తర్వాత చదువుల ఎంపిక, వృత్తి మార్గదర్శనం

పదో తరగతి పూర్తిచేసిన విద్యార్థి తన అభిరుచి, శక్తి, ఇంటి పరిస్థితి, ముందున్న కోర్సుల స్వభావం అన్నీ బేరీజు వేసుకుని తర్వాతి చదువును ఎంచుకోవడానికి అందే సాయాన్ని వృత్తి మార్గదర్శనం అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ ఎంపిక సుమారు పదిహేనేళ్ల వయసులో, ఫలితాలకూ జూన్‌లో కాలేజీలు తెరవడానికీ మధ్య ఉన్న కొద్ది వారాల్లో జరిగిపోతుంది. ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్ డిప్లొమా, ఐటీఐ, ఒకేషనల్ ఇంటర్, వ్యవసాయ పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీ అనేవి ఇక్కడి ప్రధాన మార్గాలు. వీటిలో ఏది గొప్ప అన్న ప్రశ్నే ఎక్కువగా వినిపిస్తుంది. ఒక కోర్సును తూచాల్సింది దాని పేరుతో కాదు, మొదటి జీతంతో అంతకన్నా కాదు. అది చేతికి ఏ పని నేర్పుతుంది, అక్కడి నుంచి పైచదువుకు దారి ఉందా, మధ్యలో ఆగితే ఏం మిగులుతుంది అన్న మూడు ప్రశ్నలతో తూచాలి. అలా చూస్తే మన సమాజం వేసుకున్న వరుస చాలాచోట్ల తారుమారవుతుంది.

నేపథ్యం

వృత్తి ఎంపికకు శాస్త్రీయమైన సాయం అందించాలన్న ఆలోచన అమెరికాలోని బోస్టన్ నగరంలో రూపుదిద్దుకుంది. అక్కడ ఫ్రాంక్ పార్సన్స్ 1908లో ఒక వృత్తి సలహా కేంద్రం ప్రారంభించారు. ఆయన పుస్తకం మరుసటి ఏడాది, ఆయన మరణానంతరం వెలువడింది. తనను తాను తెలుసుకోవడం, వృత్తుల సంగతి తెలుసుకోవడం, ఈ రెంటినీ తర్కబద్ధంగా కలిపి చూడటం అనే ఆయన సూత్రమే నేటికీ ఈ రంగానికి పునాది. మన దేశంలో మాధ్యమిక విద్యపై 1952-53లో పనిచేసిన మొదలియార్ కమిషన్ బహుళార్థసాధక పాఠశాలలతో పాటు మార్గదర్శనానికీ ప్రాధాన్యం ఇచ్చింది. 1954లో కేంద్ర స్థాయిలో విద్యా, వృత్తి మార్గదర్శక సంస్థ ఏర్పడింది. పదో తరగతి దాటిన వారిలో సగం మంది వృత్తి విద్యలోకి రావాలని కొఠారి కమిషన్ (1964-66) ఆశించింది. 1986 జాతీయ విద్యా విధానం ఆ లక్ష్యాన్ని తగ్గించి 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం అంది. అదీ నెరవేరలేదు. 19-24 ఏళ్ల వయసున్న మన శ్రామికుల్లో లాంఛనంగా వృత్తి విద్య పొందినవారు 5 శాతం లోపేనని, ఆ వాటా అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమని 2020 నాటి జాతీయ విద్యా విధానం పాత ప్రణాళికా అంచనాలను ఉటంకిస్తూ ఒప్పుకుంది. వరుసగా ఇన్ని పత్రాలు విఫలమయ్యాయంటే కారణం ప్రచారలోపం ఒక్కటే కాదు. వృత్తి విద్యలో చేరితే పైచదువు తలుపులు మూసుకుపోతాయన్న భయాన్ని ఆ పత్రాలు తీర్చలేకపోయాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ భయానికి వ్యవస్థాపరమైన కారణం కూడా ఉంది. సీబీఎస్ఈ బడుల్లో పదకొండు, పన్నెండు తరగతులు ఎక్కువగా అదే ప్రాంగణంలో ఉంటాయి. ఇక్కడ ఇంటర్మీడియట్ విద్యకు 1971 చట్టంతో ఏర్పడిన ప్రత్యేక బోర్డు ఉంది, హైస్కూలు పదితో ముగుస్తుంది. పిల్లవాణ్ని ఐదేళ్లుగా చూసిన లెక్కల మాస్టారు, సైన్సు టీచరు సరిగ్గా నిర్ణయం తీసుకునే వేళకు పక్కకు తప్పుకుంటారు. ఆ ఖాళీలోకి ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు వస్తారు. పరీక్షలు కూడా కాకముందే ఇంటికి వచ్చి, మార్కులను బట్టి ఫీజు రాయితీ చూపి, సీటు ఖాయం చేసుకుపోతారు. సలహా ఇచ్చేవాడికి సీటు అమ్ముకునే అవసరం ఉన్నప్పుడు ఆ సలహా ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రధాన మార్గాలు

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ ప్రధాన గ్రూపులు. ఎంపీసీ ఇంజినీరింగుకు, బైపీసీ నీట్ ద్వారా వైద్యానికి, ఎప్‌సెట్ ద్వారా వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు దారితీస్తాయి. నర్సింగ్, పారామెడికల్ చదువులకూ బైపీసీయే రాచబాట. సీఈసీ, ఎంఈసీ అంటే మార్కులు తక్కువ వచ్చినవారి గ్రూపులన్న అభిప్రాయం పాతుకుపోయింది. నిజానికి చార్టర్డ్ అకౌంటెన్సీలోని ఫౌండేషన్, ఇంటర్, ఫైనల్ మెట్లు ఎక్కేవారికీ, లాసెట్ రాసి ఐదేళ్ల న్యాయశాస్త్రంలో చేరేవారికీ, గ్రూప్స్ పరీక్షలకు పునాది వేసుకునేవారికీ ఇవే దగ్గరి దారులు. గ్రామీణ ప్రతిభావంతుల కోసం 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కుల ఆధారంగానే సీట్లు ఇస్తాయి. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు అది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాలు తోడయ్యాయి.

పాలిసెట్ ద్వారా చేరే మూడేళ్ల డిప్లొమాలో సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ వంటి బ్రాంచీలుంటాయి, చదువులో భాగంగా పరిశ్రమలో శిక్షణ కూడా ఉంటుంది. సర్వీస్ కమిషన్లు భర్తీచేసే అసిస్టెంట్ ఇంజినీరు పోస్టులకు, రైల్వే జూనియర్ ఇంజినీరు పోస్టులకు, విద్యుత్ పంపిణీ సంస్థల సబ్ ఇంజినీరు పోస్టులకు డిప్లొమాయే అర్హత. సాధారణ పాలిటెక్నిక్‌లకు బయట ఉన్న కొన్ని సంస్థల పేర్లు పల్లెల దాకా చేరవు. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ పదో తరగతి అర్హతతో టూల్, డై, మౌల్డ్ తయారీలో నాలుగేళ్ల డిప్లొమా నేర్పుతుంది. సీపెట్ ప్లాస్టిక్స్ సాంకేతికతలో డిప్లొమాలు ఇస్తుంది. వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థ మూడేళ్ల డిప్లొమా నడుపుతుంది. వ్యవసాయ, ఉద్యాన, పశువైద్య విశ్వవిద్యాలయాల పాలిటెక్నిక్‌లు కూడా ఈ కోవలోవే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వ్యవసాయ, ఉద్యాన, పశుసంవర్ధక సహాయకుల కొలువులకు ఈ డిప్లొమాలు అక్కరకొచ్చాయి.

ఐటీఐలు 1950లో మొదలైన చేతివృత్తుల శిక్షణ పథకానికి వారసులు. వెల్డర్, డీజిల్ మెకానిక్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్, ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) వంటి ట్రేడులు ఏడాదివి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్టు రెండేళ్లవి. ఇక్కడి చదువు ఎలా ఉంటుందో బయటివారికి తెలిసింది తక్కువ. ఫిట్టర్ ట్రేడులో చేరినవాడు మొదటి వారాల్లో బెంచి వైస్‌లో ఇనుప ముక్కను బిగించి ఆకురాయితో అంచులు చదును చేస్తూ ఉంటాడు. ముక్కను ట్రై స్క్వేర్‌కు ఆనించి వెలుతురుకేసి ఎత్తితే ఆ రెంటి మధ్య వెలుగు గీత కనబడకూడదు. కనబడితే మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే. అక్కడి నుంచి మిల్లీమీటరులో యాభయ్యో వంతును చదివే వెర్నియర్ కాలిపర్‌కు, డ్రిల్లింగ్‌కు, మరలు కోయడానికి, యంత్ర భాగాల అమరికకు వెళతాడు. కొలతకు లొంగి పనిచేయడం అనే ఈ అలవాటు ఏ పరిశ్రమకైనా ప్రాణం. పరీక్ష నెగ్గితే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద దక్షిణ మధ్య రైల్వే, విశాఖ నేవల్ డాక్‌యార్డు వంటి చోట్ల స్టైపెండుతో పని నేర్చుకునే వీలుంటుంది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పదో తరగతితో పాటు ఐటీఐ ఉంటే చాలు.

దారులు కలిసే చోట్లు

ఈ మార్గాల గురించి ఇళ్లలో తక్కువగా తెలిసిన సంగతి ఏమిటంటే, ఇవి ఒకదానిలోంచి మరొకదానిలోకి తెరుచుకుంటాయి. డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఆ పరీక్షలో 200 మార్కులకు 100 మార్కులు విద్యార్థి సొంత బ్రాంచి నుంచే వస్తాయి, గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 25. అంటే మూడేళ్లు చేసిన పనే సగం పరీక్ష. ఇంటర్ మీదుగా వెళ్లినవాడు పదో తరగతి తర్వాత ఆరేళ్లకు బీటెక్ పట్టా అందుకుంటాడు. డిప్లొమా మీదుగా వెళ్లినవాడికీ సరిగ్గా ఆరేళ్లే పడుతుంది, పైగా రెండో పట్టా చేతిలో ఉంటుంది. రెండేళ్ల ఐటీఐ చేసినవారికి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో ప్రవేశానికి వీలుంది. వ్యవసాయ డిప్లొమా వారు అగ్రిసెట్ ద్వారా బీఎస్సీ వ్యవసాయంలో చేరవచ్చు. ఒకేషనల్ ఇంటర్ చదివినవారు బ్రిడ్జి కోర్సు పేపర్లు రాసి సాధారణ ఇంటర్ వారితో పాటు పోటీకి అర్హత తెచ్చుకోవచ్చు. నిజంగా తలుపులు మూసుకునేది మనం పెద్దగా ఆలోచించని చోట. బైపీసీ తీసుకున్నవారికి ఇంజినీరింగు, ఎంపీసీ తీసుకున్నవారికి వైద్యం, సీఈసీ తీసుకున్నవారికి ఆ రెండూ దూరమవుతాయి. ఇంటర్‌లో ఏ గ్రూపన్న నిర్ణయం, ఇంటరా డిప్లొమానా అన్న నిర్ణయం కన్నా కఠినమైంది. ఇళ్లలో చర్చ మాత్రం రెండో దాని మీదే నడుస్తుంది.

అభ్యంతరాలు

ఎంపీసీ తీసుకుంటే ఇంజినీరింగు, డిగ్రీ, రక్షణ దళాలు, బ్యాంకు పరీక్షలు అన్నీ తెరిచే ఉంటాయి కదా, ముందే ఒక పనికి కట్టుబడటం ఎందుకన్నది మొదటి అభ్యంతరం. ఇది బలమైనదే, కానీ పరీక్ష నెగ్గినవారి విషయంలోనే. ఇంటర్ రెండో సంవత్సరంలో లెక్కలు, ఫిజిక్స్ తప్పినవాడి చేతిలో మిగిలేది పదో తరగతి మెమో ఒక్కటే. అదే రెండేళ్లలో ఎలక్ట్రీషియన్ ట్రేడు నెగ్గినవాడి దగ్గర దేశమంతా చెల్లే సర్టిఫికెట్ ఉంటుంది. అయితే ఈ తర్కం డిప్లొమాకు అంత తేలిగ్గా వర్తించదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు పుస్తకాలు, మొదటి ఏడాది లెక్కలు గట్టి దెబ్బే కొడతాయి, బ్యాక్‌లాగులు పేరుకుంటే మూడేళ్ల తర్వాత కూడా పట్టా రాదు. కాబట్టి లెక్కలంటే భయపడే పిల్లవాణ్ని ఎంపీసీ తప్పించి పాలిటెక్నిక్‌లో వేయడం సలహా అనిపించుకోదు. రెండు చోట్లా అడ్డుపడేది ఆ లెక్కలే.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. వృత్తి విద్య గురించిన మంచి మాటలన్నీ పేద, దళిత, బహుజన పిల్లలకే చెబుతారు, చెప్పేవారి పిల్లలు మాత్రం ఐఐటీ కోచింగులో ఉంటారు అన్నది దాని సారాంశం. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. మద్రాసు రాష్ట్రంలో 1953లో రాజగోపాలాచారి ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో బడి వేళలు తగ్గించి, మిగతా సమయంలో పిల్లలు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలంది. అది కులవృత్తి విద్యేనని పెద్ద ఉద్యమం లేచింది, 1954లో కామరాజ్ ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది. ఆ పథకంలోని అసలు దోషం పని నేర్పడం కాదు. పుట్టుకను బట్టి పనిని నిర్ణయించడం, అక్కడి నుంచి పైకి దారి లేకపోవడం దాని దోషాలు. ఏ ఇంటి పిల్లలైనా తమకు తాముగా ఎంచుకుని, ఈసెట్, అగ్రిసెట్ లాంటి మెట్ల మీదుగా పైకి పోగలిగితేనే వృత్తి విద్య న్యాయమైనది అవుతుంది. ఆడపిల్లల విషయంలోనూ ఇదే కొలత పనిచేస్తుంది. టీచరు తల ఎత్తకుండానే అమ్మాయికి కుట్టుపనో కోపానో, అబ్బాయికి ఎలక్ట్రీషియనో రాసేస్తే అది మార్గదర్శనం కాదు, ఉన్న అలవాటుకు ముద్ర వేయడమే.

నేర్చిన పని పదేళ్లలో పాతబడితే ఏం చేయాలన్నది మూడో అభ్యంతరం. దీనికి ఆధారం ఉంది. ఎరిక్ హనుషెక్, ఆయన సహచరులు 11 దేశాల సమాచారంతో 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వృత్తి విద్య చదివినవారు తొలినాళ్లలో త్వరగా ఉద్యోగాల్లోకి వస్తారు, వయసు మీరేకొద్దీ ఆ మేలు తగ్గుతుంది, సాధారణ విద్య చదివినవారు అప్పుడు ముందుకు వస్తారు. అప్రెంటిస్ విధానం బలంగా ఉన్న దేశాల్లో ఈ తేడా మరీ స్పష్టం. దీన్నిబట్టి వృత్తి విద్య వద్దనడం తొందరపాటు. మన దేశంలో శ్రామిక సర్వేలు ఏటా చూపుతున్నట్టు, తక్కువ చదివినవారికన్నా పట్టభద్రుల్లోనే నిరుద్యోగిత ఎక్కువ. ఈ రెండు ఆధారాలనూ కలిపి చదివితే తేలేది ఒకటే: పని నేర్చుకోవడంతో ఆపకూడదు, పని రాకుండా పట్టా ఒక్కటే పుచ్చుకోకూడదు. ఐటీఐ తర్వాత డిప్లొమా, డిప్లొమా తర్వాత బీటెక్, ఉద్యోగంలో ఉంటూ సార్వత్రిక విశ్వవిద్యాలయ డిగ్రీ అనే కొనసాగింపే దీనికి తగిన జవాబు.

బడిలో జరగాల్సింది

పై వాదన నిలబడితే మార్గదర్శనం మే నెలలో ఒక రోజు సదస్సుతో అయ్యే పని కాదు. ఎనిమిదో తరగతి నుంచే పిల్లలు పాలిటెక్నిక్ వర్క్‌షాపు, ఆసుపత్రి ల్యాబు, వ్యవసాయ పరిశోధన కేంద్రం కళ్లారా చూడాలి. ఎంచుకోవాల్సిన దాన్ని ముందుగా చూసి ఉంటేనే పార్సన్స్ చెప్పిన రెండో మెట్టు నిజమవుతుంది. కోర్సు గురించి తల్లిదండ్రులు అడగాల్సినవి కూడా స్థూలమైన ప్రశ్నలు కావు. నిరుడు ఈ బ్రాంచిలో చదువు ముగించాల్సినవారిలో ఎంతమంది గడువులో పట్టా పొందారు? వర్క్‌షాపులో యంత్రాలు నడుస్తున్నాయా? ఇక్కడి నుంచి పైకోర్సుకు ఏ పరీక్ష, అందులో ఎన్ని సీట్లు? హాస్టలు, బస్సు ఖర్చు ఎంత? తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పథకం 2024లో మొదలైంది. యంత్రాలు మారడం మంచిదే, కానీ అక్కడ చేరాలా వద్దా అని తేల్చుకోవాల్సిన ఇంటికి ఈ ప్రశ్నలకు జవాబులు అందకపోతే కొత్త యంత్రం ముందు కూడా పాత అపోహలే నిలుస్తాయి. అందుకే ప్రతి ప్రభుత్వ హైస్కూలులో సీటుతో లాభం లేని ఒక ఉపాధ్యాయుడికి ఈ బాధ్యత, దానికి తగిన శిక్షణ, సమయం ఇవ్వడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. విధానపత్రాల్లో లక్ష్య శాతాలు రాసుకోవడం కన్నా దానివల్ల ఒరిగేదే ఎక్కువ.