‘రావు’: ఇంటిపేరుగా మారిన బిరుదు – భిలాయి నుంచి విదేశాల వరకు

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తరచుగా వినిపించే ఇంటిపేరు ‘రావు’. అయితే తెలుగు సంప్రదాయం ప్రకారం ఇది ఇంటిపేరు కాదు. పురుషుల పేర్ల చివర చేరే గౌరవసూచక పదం. స్వరాష్ట్రం దాటిన తెలుగువారి పేర్లు పరాయి కార్యాలయాల పద్ధతికి ఒదిగిన క్రమంలో పేరు చివరి పదం ఇంటిపేరు స్థానాన్ని ఆక్రమించింది. అసలు ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. ఆ కుటుంబాల తర్వాతి తరాలు విదేశాలకు వెళ్లినప్పుడు ఆ ఒక్క అక్షరం కూడా చాలా సందర్భాలలో పత్రాల నుంచి తొలగిపోయింది.

పదం పుట్టుక

సంస్కృతంలోని ‘రాజన్’ శబ్దం ప్రాకృతంలో ‘రాయ’గా మారింది. దాని నుంచి భారతీయ భాషలలో ‘రాయ’, ‘రాయ్’, ‘రావ్’, ‘రావు’ వంటి రూపాలు ఏర్పడ్డాయి. తెలుగులోని ‘రాజు’, ‘రాయలు’, ‘రాయుడు’, ‘రావు’ అన్నీ ఈ కుదురుకు చెందినవే. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని పాలించిన శ్రీకృష్ణదేవరాయల పేరులోని ‘రాయలు’, మరాఠా పీష్వా బాజీరావు పేరులోని ‘రావు’ ఒకే మూలపదానికి రెండు రూపాలు. ‘నువ్వు రావు’, ‘అవి రావు’ అనే వాక్యాలలోని వ్యతిరేక క్రియకు ఈ పదంతో సంబంధం లేదు.

బ్రిటిష్ పాలనలో ‘రావు సాహెబ్’, ‘రావు బహదూర్’ అనేవి ప్రభుత్వం ప్రదానం చేసే అధికారిక బిరుదులు. సంఘ సంస్కర్త కందుకూరి వీరేశలింగం పంతులుకు 1893లో రావు బహదూర్ బిరుదు లభించింది. అంటే ఆ కాలంలో ఒకే పదం రెండు విధాలుగా వాడుకలో ఉండేది. ప్రభుత్వం ఇస్తే పేరుకు ముందు చేరే బిరుదు. తల్లిదండ్రులు పెడితే పేరు చివర నిలిచే భాగం.

పేరులో భాగంగా ‘రావు’ ఏ ఒక్క కులానికో పరిమితం కాలేదు. తెలుగునాట అనేక సామాజిక వర్గాలు రామారావు, వెంకటేశ్వరరావు, సూర్యారావు, అప్పారావు వంటి పేర్లు పెట్టుకున్నాయి. ఈ పేర్లన్నింటిలోనూ ‘రావు’ వ్యక్తి పేరుకు చెందినదే. వంశాన్ని తెలిపే ఇంటిపేరు ముందుగా వస్తుంది. విజయనగరానికి చెందిన మహాకవి గురజాడ అప్పారావు పేరులో ‘గురజాడ’ ఇంటిపేరు. 1991 నుంచి 1996 వరకు ప్రధానమంత్రిగా ఉన్న పాములపర్తి వెంకట నరసింహారావు పేరులో ‘పాములపర్తి’ ఇంటిపేరు. అయినా జాతీయ, అంతర్జాతీయ పత్రికలలో ఆయన ‘ప్రధాని రావు’గానే నమోదయ్యారు.

ఉక్కు నగరానికి తెలుగువారి రాక

భిలాయిలో ఉక్కు కర్మాగారం నిర్మాణానికి భారత్, సోవియట్ యూనియన్ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదుర్చుకున్నాయి. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు ఉత్పత్తి లక్ష్యంగా మొదలైన ఈ కర్మాగారానికి దేశం నలుమూలల నుంచి కార్మికులు, సాంకేతిక నిపుణులు తరలివచ్చారు. నాడు ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉండేది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది.

ఉత్తరాంధ్రకు ఈ ప్రాంతంతో రైలు బంధం అంతకుముందే ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ చేరే మార్గం 1931 నాటికి పూర్తయింది. భిలాయిలో పనులు మొదలైనప్పుడు నాటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల వారికి ఇదే దారి అయింది. ఆ రోజులలో ఆంధ్ర ప్రాంతంలో భారీ ఉక్కు కర్మాగారం లేదు. విశాఖపట్నం ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినది 1992 ఆగస్టు 1న. అప్పటికి భిలాయి మొదటి తరం తెలుగు కార్మికులలో చాలామంది పదవీ విరమణ వయసుకు చేరుకున్నారు. సెక్టార్ 5లోని బాలాజీ మందిరం ఆ తరం స్థిరనివాసానికి గుర్తుగా నిలిచి ఉంది.

మూడు తరాలలో మారిన పేరు

హిందీ ప్రాంతంలో పేరు ముందు, ఇంటిపేరు వెనుక రావడం రివాజు. తెలుగువారి పేర్ల వరుస దీనికి పూర్తిగా విరుద్ధం. హాజరు పట్టీలో, జీతాల పుస్తకంలో, క్వార్టర్ కేటాయింపు పత్రంలో పేరు చివరి పదాన్నే ఇంటిపేరుగా పరిగణించడంతో ‘రావు’ ఆ స్థానంలోకి వచ్చింది. తోటి ఉద్యోగులు ‘రావ్ సాహబ్’ అని పిలవడం దానిని స్థిరపరిచింది.

ఈ మార్పు జరిగే తీరును ఒక ఊహాజనిత ఉదాహరణతో గమనించవచ్చు. కోరాడ అప్పారావు అనే వ్యక్తి కర్మాగారంలో చేరారనుకుంటే, రికార్డులో ఆయన పేరు ‘కె. అప్పా రావు’ అవుతుంది. తెలుగులో ఒకే పదమైన ‘అప్పారావు’ ఇంగ్లిష్‌లో రెండు ముక్కలవుతుంది. ఆయన కుమారుడు సంతోష్‌ను బడిలో చేర్చినప్పుడు తండ్రి పేరులోని చివరి ముక్క ఇంటిపేరుగా చేరి ‘కె. సంతోష్ రావు’ అవుతుంది. సంతోష్ పాస్‌పోర్టు తీసుకునే నాటికి పొడి అక్షరం పోయి, పేరు గడిలో ‘సంతోష్’, ఇంటిపేరు గడిలో ‘రావు’ మిగులుతాయి. విదేశంలో పుట్టిన మనవరాలి జనన ధ్రువపత్రంలో ‘కోరాడ’ ఆనవాలు ఉండదు.

ఈ క్రమంలో మరో మార్పు కూడా చోటుచేసుకుంది. తెలుగునాట ‘రావు’ పురుషుల పేర్లకే చేరుతుంది. స్త్రీల పేర్ల చివర అమ్మ, దేవి, లక్ష్మి, కుమారి వంటివి వస్తాయి. ఇంటిపేరుగా మారిన తరువాత కుమార్తెలకు, కోడళ్లకు కూడా ‘రావు’ వర్తించింది. భిలాయిలో పుట్టి పెరిగిన ఆడపిల్ల పేరు చివర ‘రావు’ ఉండటం అక్కడివారికి సహజం. శ్రీకాకుళంలోని బంధువులకు మాత్రం కొత్త.

సముద్రాలు దాటిన రెండు మార్గాలు

విదేశాలకు తెలుగు పేర్లు రెండు వేర్వేరు కాలాలలో, రెండు వేర్వేరు పద్ధతులలో చేరాయి. మొదటిది 19వ శతాబ్దపు ఒప్పంద కూలీల వలస. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరుకోవడంతో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు భారతీయ కూలీల రాక మొదలైంది. అక్కడ తెలుగు మూలాలను గుర్తుచేసే ప్రముఖ ఇంటిపేరు ‘నాయుడు’. ఇంగ్లిష్ వర్ణక్రమం కారణంగా అది ‘నైడూ’గా స్థిరపడింది. తమిళ మూలాలు గల కుటుంబాలలోనూ ఈ పేరు ఉంది. కార్మిక నాయకుడు, నెల్సన్ మండేలా మంత్రివర్గ సభ్యుడు జే నైడూ పేరు దీనికి ఉదాహరణ. ‘నాయుడు’ కూడా ‘రావు’ వలెనే గౌరవవాచకంగా పుట్టి, ప్రవాసంలో వంశనామమైంది.

రెండవది 20వ శతాబ్దపు విద్యావంతుల వలస. ‘రావు’ ప్రధానంగా ఈ మార్గంలో వెళ్లింది. 1923లో అమెరికాలోని బోస్టన్ చేరుకున్న జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరులో రెండు భాగాలూ నిలిచినా, వాటి స్థానాలు తారుమారయ్యాయి. ఫాస్ఫరస్ పరిమాణాన్ని కొలిచేందుకు సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతి ‘ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి’గా ప్రసిద్ధి పొందింది. అక్కడ వ్యక్తి పేరే ఇంటిపేరైంది.

గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు విషయంలో చివరి పదం మాత్రమే మిగిలింది. 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 1945లో వెలువడిన ఆయన పరిశోధన పత్రం ఆధారంగా ‘క్రేమర్–రావు అవధి’, ‘రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం’ ప్రపంచ పాఠ్యపుస్తకాలలో చేరాయి. 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి అందుకున్న ఆయన అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు. ‘కల్యంపూడి’ అనే ఇంటిపేరు ఆ సిద్ధాంతాల పేర్లలో ఎక్కడా లేదు.

1965లో అమెరికా వలస చట్టాన్ని సవరించి దేశాలవారీ పాత కోటాలను రద్దు చేయడంతో వైద్యులు, ఇంజినీర్ల వలస పెరిగింది. 1990 చట్టంతో రూపుదిద్దుకున్న హెచ్–1బి వీసా సాఫ్ట్‌వేర్ నిపుణులకు దారి తెరిచింది. అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010–2017 మధ్య 86 శాతం పెరిగినట్లు అక్కడి సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ 2018లో వెల్లడించింది. అమెరికాతో పాటు కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, గల్ఫ్ దేశాలలోనూ ‘రావు’ నేడు సుపరిచితమైన పేరు.

రావులందరూ తెలుగువారు కారు

విదేశీ జాబితాలలో ‘రావు’ కనిపించినంత మాత్రాన తెలుగు కుటుంబమని నిర్ధారించలేము. కన్నడ, కొంకణి, తుళు, మరాఠీ మాతృభాషలుగా గల కుటుంబాలలోనూ ఈ పేరు విస్తృతంగా ఉంది. ‘కాంతాపుర’ నవలా రచయిత, టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాజా రావు కన్నడిగుడు. అమెరికా ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానంలో 2019లో న్యాయమూర్తి అయిన నియోమి రావు పార్సీ కుటుంబానికి చెందినవారు. హర్యానా, రాజస్థాన్‌లలో, పాకిస్థాన్‌లోని పంజాబ్‌లో ‘రావ్’ పేరుకు ముందు వస్తుంది. పాకిస్థాన్ రక్షణ మంత్రిగా పనిచేసిన రావ్ సికందర్ ఇక్బాల్ పేరులో ఉన్నది ఈ రూపమే.

భారతదేశంతో ఏ సంబంధం లేని రావులు కూడా ఉన్నారు. న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో 1896 నుంచి నడుస్తున్న ‘రావోస్’ భోజనశాల ఒక ఇటాలియన్ కుటుంబం పేరు మీద వెలసింది. చైనాలో ‘రావ్’ అనే ఇంటిపేరు ఉంది; నాడీ జీవశాస్త్రవేత్త యీ రావ్ ఆ పేరు గలవారే. ఇంగ్లిష్ లిపిలో ఈ మూడు పేర్ల అక్షరాలు ఒక్కటే.

ఇందుకు భిన్నంగా, భారతీయ ‘రావు’ ఇంగ్లిష్‌లో ఒకే విధంగా రాయబడలేదు. తిరువాన్కూరు, ఇండోర్, బరోడా సంస్థానాల దివాను సర్ టి. మాధవరావు, దివ్యజ్ఞాన సమాజ పండితుడు టి. సుబ్బారావు పేర్లు ఆర్, ఓ, డబ్ల్యూ అక్షరాలతో ముగుస్తాయి. రాజ్యాంగ సలహాదారు సర్ బి.ఎన్. రావు పేరు ఆర్, ఏ, యూ అక్షరాలతో ముగుస్తుంది. పాత నౌకా పత్రాలు, విశ్వవిద్యాలయ రికార్డులు వెతికేవారు ఈ మూడు వర్ణక్రమాలనూ పరిశీలించవలసి ఉంటుంది.

పత్రాలలో చిక్కులు

భారత పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, వ్యక్తి పేరుకు వేర్వేరు గడులు ఉన్నాయి. ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలితే ప్రయాణంలో ఇబ్బందులు తలెత్తవచ్చు. అమెరికా వీసాలో ఒకే పేరు ఉన్నవారికి వ్యక్తి పేరు స్థానంలో ‘మొదటి పేరు తెలియదు’ అనే అర్థమిచ్చే ‘ఎఫ్.ఎన్.యు.’ అక్షరాలు ముద్రిస్తారు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్న సందర్శకులను అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. ఇటువంటి నిబంధనల కారణంగా గడిని ఏదో ఒక పదంతో నింపడం తప్పనిసరి అయింది. బడి ధ్రువపత్రంలో అప్పటికే ఉన్న ‘రావు’ను అందులో చేర్చడం సులువైన మార్గం.

దీని ప్రభావం స్వగ్రామంలోని ఆస్తి వ్యవహారాలలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ గ్రామాల అడంగల్, 1బి రికార్డులలో తాత పేరు ఇంటిపేరుతో సహా నమోదై ఉంటుంది. మనవడి పాస్‌పోర్టులో, ఆధార్‌లో ‘రావు’ మాత్రమే ఉంటే, ఇద్దరిదీ ఒకే కుటుంబమని పేరును బట్టి తేలదు. వారసత్వాన్ని కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, జనన ధ్రువపత్రాలు, ప్రమాణ పత్రాల ద్వారా నిరూపించవలసి వస్తుంది. ఇంటిపేరును పూర్తిగా పునరుద్ధరించుకోవాలనుకునేవారు ప్రమాణ పత్రం, పత్రికా ప్రకటన, గెజిట్ ప్రకటన ద్వారా పేరు మార్చుకునే వీలుంది. అయితే విద్యార్హత పత్రాలు మొదలు బ్యాంకు ఖాతా వరకు అన్నింటినీ ఆ మేరకు సరిచేసుకోవాలి. పిల్లలను బడిలో చేర్చే సమయంలోనే ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయిస్తే ఈ శ్రమ తప్పుతుంది.

ఇంటిపేరు నిలిచిన చోటు

తెలుగు ఇంటిపేర్లలో అధిక భాగం ఊరి పేర్ల నుంచి వచ్చినవి. వృత్తులు, వస్తువులు, పూర్వీకుల గుణాల నుంచి వచ్చినవి మరికొన్ని. అందువల్ల ఇంటిపేరు ఒక కుటుంబం ఎక్కడి నుంచి కదిలిందో తెలిపే ఆధారం. బిరుదు నుంచి వచ్చిన ‘రావు’ ఆ సమాచారాన్ని ఇవ్వదు.

పెళ్లి సంబంధాల విషయంలో ఈ తేడా స్పష్టమవుతుంది. తెలుగువారిలో ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం గల కుటుంబాల మధ్య వివాహాలు సాధారణంగా జరగవు. భిలాయిలో వధూవరులు ఇద్దరి ఇంటిపేరూ పత్రాలలో ‘రావు’ కావచ్చు. దానిని ఎవరూ అభ్యంతరంగా భావించరు. సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు ‘మీ ఇంటిపేరేమిటి?’ అని విడిగా అడుగుతారు. కర్మాగారం రికార్డులో ఒక్క అక్షరంగా మిగిలిన ఆ పేరు శుభలేఖలో తిరిగి పూర్తిగా అచ్చవుతుంది.