ఏఎస్/400 కంప్యూటరుకు నెట్‌వర్క్ లేబుల్ ప్రింటరు అనుసంధానం

ఏఎస్/400 అనేది ఐబీఎం సంస్థ 1988 జూన్ 21న ప్రకటించిన మధ్యశ్రేణి వ్యాపార కంప్యూటరు. 2000లో దీని పేరు ఐసిరీస్ గానూ, 2006లో సిస్టమ్ ఐ గానూ మారింది. 2008లో ఈ శ్రేణి పవర్ సిస్టమ్స్‌లో కలిసిపోగా, దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఐబీఎం ఐ అనే పేరు వచ్చింది. అయినా వాడుకలో పాత పేరే నిలిచింది. గిడ్డంగులు, ఎగుమతి సంస్థలు ఈ కంప్యూటరు నుండి బార్‌కోడు లేబుళ్ళను ముద్రించడానికి, నెట్‌వర్కులో ఉన్న లేబుల్ ప్రింటరును దానికి అనుసంధానించవలసి ఉంటుంది.

శంషాబాదు సరకు లేబుల్

రంగారెడ్డి జిల్లా శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి 2008 మార్చి 23న వాణిజ్య విమానాల రాకపోకలు మొదలయ్యాయి. హైదరాబాదు చుట్టుపక్కల ఔషధ పరిశ్రమ విస్తరించి ఉండటం వలన ఇక్కడి ఎగుమతి సరకులో మందులకు ముఖ్య స్థానం ఉంది.

విమాన సరకు లేబుల్‌పై ఉండే ప్రధాన బార్‌కోడును అంతర్జాతీయ విమాన రవాణా సంఘం (ఐయాటా) నిర్దేశించింది. దానిలో 16 అంకెలు ఉంటాయి: ఎయిర్‌వే బిల్లు సంఖ్య 11 అంకెలు, విభజనకు ఒక సున్న, పెట్టె వరుససంఖ్య 4 అంకెలు. బిల్లు సంఖ్యలో మొదటి మూడు అంకెలు విమాన సంస్థవి (ఎయిర్ ఇండియాకు 098). తరువాతి ఏడంకెల సంఖ్యను 7చే భాగించగా వచ్చే శేషమే చివరి తనిఖీ అంకె. ఉదాహరణకు 1234567ను 7చే భాగిస్తే శేషం 5. కాబట్టి బిల్లు సంఖ్య 098-12345675 అవుతుంది. దానిలోని మూడవ పెట్టె బార్‌కోడు 0981234567500003.

ఉష్ణోగ్రతా నియంత్రణ అవసరమైన ఔషధాల పెట్టెలకు 2012 జూలై 1 నుండి మరొక ప్రత్యేక లేబుల్ తప్పనిసరి అయింది. దానిపై ఉష్ణోగ్రతా పరిమితి, ఉదాహరణకు 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ అని, స్పష్టంగా కనిపించాలి. లేబుల్‌ను స్కానరు చదవలేకపోతే ఆ పెట్టె వివరాలను చేతితో సరిచూసేదాకా సరకు ఆగిపోతుంది. టీకామందుల వంటి వాటికి శీతల గది బయట గడిచే సమయం ప్రమాదకరం.

ముద్రణ విధానం

ఏఎస్/400లో ప్రోగ్రాము నేరుగా ప్రింటరుకు వ్రాయదు. ముద్రించవలసినది స్పూల్ ఫైలుగా మారి అవుట్‌పుట్ క్యూలో చేరుతుంది. రైటర్ అనే మరో పని దానిని అక్కడి నుండి తీసి ప్రింటరుకు పంపుతుంది.

అనుసంధానానికి ముందు ప్రింటరుకు మారని ఐపీ చిరునామా ఇవ్వాలి. ఆపై రెండు మార్గాలున్నాయి. మొదటిది, ప్రింటరు డివైస్ వివరణను సృష్టించే ఆదేశంలో ల్యాన్ తరగతి, 3812 రకం, 1వ మోడల్, పోర్టు 9100 అని చెప్పడం. ఈ మార్గంలో ప్రింటరు తన స్థితిని తిరిగి తెలియజేయగలగాలి. చాలా లేబుల్ ప్రింటర్లు కార్యాలయ లేజర్ ప్రింటర్ల వలె జవాబివ్వవు కనుక రైటరు ఎదురుచూస్తూ ఉండిపోతుంది. రెండవది, రిమోట్ అవుట్‌పుట్ క్యూను సృష్టించి ఎల్‌పీఆర్ పద్ధతిలో (పోర్టు 515) పంపడం. లేబుల్ ప్రింటర్లకు ఇదే నయం. ఏ మార్గమైనా, ఫైర్‌వాల్ ఉన్నచోట ఆ పోర్టును తెరిపించాలి.

క్యారెట్ చిక్కు

అనుసంధానం కుదిరి, స్పూల్ ఫైలు క్యూ నుండి వెళ్ళిపోయి, ఏ దోషమూ నమోదు కాకుండానే, లేబుల్ మాత్రం రాకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. దీనికి మూలం అక్షర సంకేతాలలో ఉంటుంది. ఏఎస్/400 అక్షరాలను ఎబ్సిడిక్ పద్ధతిలోనూ, ప్రింటరు ఆస్కీ పద్ధతిలోనూ గుర్తిస్తాయి. ఇంగ్లీషు మొదటి పెద్ద అక్షరానికి ఎబ్సిడిక్‌లో విలువ 193, ఆస్కీలో 65. అక్షరాలు, అంకెలు సరిగానే మారతాయి. చిక్కు కొన్ని గుర్తులతోనే.

జీబ్రా సంస్థ ప్రింటర్ల భాష అయిన జెడ్‌పీఎల్‌లో అధిక భాగం ఆదేశాలు క్యారెట్ (^) గుర్తుతో మొదలవుతాయి. ఎబ్సిడిక్ 37వ సంకేత పట్టికలో ఈ గుర్తు విలువ 176, 500వ పట్టికలో 95. ప్రోగ్రాములోని లేబుల్ ఆదేశాలు 37వ పట్టికలో ఉండి, అనువాదం 500వ పట్టిక ప్రకారం జరిగితే, క్యారెట్ స్థానంలో సెంటు గుర్తు (¢) చేరుతుంది. లేబుల్ ఆరంభ ఆదేశం తనకు అందలేదు కనుక ప్రింటరు మిగిలినదంతా విస్మరిస్తుంది.

రెండు చోట్లా ఒకే పట్టిక ఉండేలా చూడటం సరైన పరిష్కారం. అది వీలుకానప్పుడు మరొక దారి ఉంది. టిల్డె (~) విలువ ఈ రెండు పట్టికలలోనూ 161 కనుక, టిల్డెతో మొదలయ్యే ఆదేశంతో క్యారెట్‌కు బదులు వేరొక గుర్తును వాడమని ప్రింటరుకు చెప్పవచ్చు. అయితే అదే ప్రింటరును ఇతర కంప్యూటర్లు కూడా వాడుతూ ఉంటే, క్యారెట్‌తో వచ్చే వాటి లేబుళ్ళు ఆగిపోతాయి. ప్రోగ్రామే ఆస్కీ విలువలతో స్పూల్ ఫైలును తయారుచేస్తే అనువాదం అవసరమే ఉండదు.

పరిమాణం

ఏఎస్/400 ముద్రణ ఫైలు సాధారణంగా 66 వరుసలు, 132 నిలువు వరుసల కాగితానికి ఉద్దేశించినది. ఆదేశాల వరుస ఆ వెడల్పును మించితే మిగిలినది తెగిపోవచ్చు. వెడల్పును ముందే పెంచుకోవాలి. అంగుళానికి 203 చుక్కల ప్రింటరుకు రూపొందించిన లేబుల్‌ను 300 చుక్కల ప్రింటరుకు పంపితే అది సుమారు మూడింట రెండు వంతులకు కుదించుకుపోతుంది. బార్‌కోడు గీతలు సన్నబడి స్కానరుకు అందకపోవచ్చు.

నకలు లేబుళ్ళు

ఎల్‌పీఆర్ పద్ధతిలో ఫైలు పంపడం మధ్యలో తెగిపోతే రైటరు దానిని మొదటి నుండి మళ్ళీ పంపుతుంది. అప్పటికే వచ్చిన లేబుళ్ళు రెండవసారి వస్తాయి. ఒకే వరుససంఖ్య రెండు పెట్టెలపై పడితే లెక్క సరిపోయినట్లే కనిపిస్తూ, ఒక పెట్టె గిడ్డంగిలోనే మిగిలిపోవచ్చు. ఒక్కొక్క లేబుల్‌ను, లేదా కొద్దిపాటి లేబుళ్ళను, విడి స్పూల్ ఫైలుగా పంపడం వలన ఈ ప్రమాదం తగ్గుతుంది. ఫారం రకం మారినప్పుడు ప్రింటరు రైటరు ఆపరేటరుకు సందేశం పంపి, జవాబు వచ్చేదాకా ఆగిపోవచ్చు. రాత్రివేళ ఆ సందేశాన్ని చూసేవారు లేకపోతే ఉదయం వరకూ లేబుళ్ళు రావు. అందువలన లేబుల్ ప్రింటరుకు ప్రత్యేక క్యూ ఉంచి, దానిలోకి ఇతర నివేదికలు చేరకుండా చూస్తారు.