గాంగుల రత్నకిరీటం: శిల్పం చూపేది, శాసనం చెప్పేది

శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం ఆలయాల గోడలపై దేవతామూర్తులు కిరీటాలతో కనిపిస్తారు. మణులు పొదిగినట్లు తోచే ఆ చెక్కడపు పనిని చూసి, కళింగ గాంగరాజులూ అటువంటివే ధరించి ఉంటారని ఊహించడం సహజం. అయితే శిల్పి చెక్కినది దేవతకు విధించిన రూపం. రాజు శిరస్సుపై ఏముండేదో తెలియాలంటే రాతల్లోనే వెదకవలసి ఉంటుంది.

1. కళింగనగరం ముఖలింగమేనని గిడుగు రామమూర్తి ప్రతిపాదించారు. చరిత్రకారుల్లో ఎక్కువమంది దానిని అంగీకరించారు. తొలి గాంగుల శాసనాలు గాంగశకంలో ఉన్నాయి. ఆ శకారంభంపై భేదాభిప్రాయాలున్నా, క్రీ.శ. 496-498 ప్రాంతం వైపే మొగ్గు ఎక్కువ. అనంతవర్మ వజ్రహస్తుని తామ్రశాసనాలకు ఆ చిక్కు లేదు. ఆయన పట్టాభిషేకం శక 960లో, అంటే క్రీ.శ. 1038లో జరిగింది. ముహూర్తాన్ని లగ్నంతో సహా నమోదు చేసిన ఈ శాసనాలే, మహేంద్రగిరి గోకర్ణస్వామి అనుగ్రహంతో గాంగులకు లభించిన రాజచిహ్నాలనూ వరుసగా పేర్కొంటాయి: శంఖం, భేరి, పంచమహాశబ్దాలు, ధవళచ్ఛత్రం, హేమచామరం, వృషభలాంఛనం. ఆ వరుసలో కిరీటం కనిపించదు. ప్రశస్తి మూసలో సాగే రచన కాబట్టి, ప్రస్తావించకపోయినంత మాత్రాన కిరీటమే లేదనడానికి వీల్లేదు. అయినా ఇంత నిశితమైన రచనలో ఈ మౌనాన్ని తేలికగా తీసుకోరాదు.

2. పోలిక కోసం చూస్తే, తర్వాతి కాలంలో దేవునికి సమర్పించిన నగల లెక్క మరింత స్పష్టం. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరి 10న తిరుమలలో నవరత్న కిరీటం సమర్పించారు. కళింగ దండయాత్ర నడుమ 1516లో సింహాచలం వచ్చినప్పుడు ఇచ్చినవాటిలో 991 ముత్యాల హారం, వజ్రమాణిక్యాల కడియాలు, శంఖచక్ర పతకం ఉన్నట్లు అక్కడి శాసనాన్ని బట్టి చెబుతారు. సాధారణంగా ఉదహరించే ఈ జాబితాలోనూ కిరీటం లేదు. మూలవిరాట్టు దాదాపు ఏడాది పొడవునా చందనంలో ఉండడమే కారణం కావచ్చునని ఒక ఊహ చేయవచ్చు. కానీ చందనం కప్పిన మూర్తికి కడియాలు మాత్రం ఎలా తొడుగుతారు? నగలు ఉత్సవమూర్తి కోసమైతే కిరీటానికీ అడ్డు ఉండకూడదు. కనుక ఆ ఊహ నిలవదు.

3. రత్నశిలలు ఇక్కడే దొరుకుతాయి కదా అనవచ్చు: ఈ ప్రాంతపు ఖొండలైట్ రాళ్లలోనూ, భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలోనూ ఎర్రని గార్నెట్ ఉంది. రాయి దొరకడం నగ ఉన్నదనడానికి సాక్ష్యం కాదు. పైగా ఆ ఇసుకలోనిది రేణువుల రూపంలోనిది.

ఇప్పటికి ‘గాంగుల రత్నకిరీటం’ అనే మాటను దేవతాశిల్పం వరకే వాడడం సమంజసమనిపిస్తుంది. రాజుకు దానిని అన్వయించాలంటే, వజ్రహస్తుని రాజచిహ్నాల వరుసకు దీటైన మరో లిఖితాధారం కావాలి.